దిమ్మ కింద మూడు చుక్కలు

ఏరు మా కింది వీధిలోకి వచ్చి ఎనిమిది రోజులు తిష్ఠ వేసింది. మా ఇల్లు కాస్త ఎత్తు మీద ఉంది గనక నీళ్ళు గడప దాకా వచ్చి ఆగాయి. వీధి చివర ఉన్న నాన్న వడ్రంగి షెడ్డు మాత్రం తలుపు పై అంచు దాకా మునిగిపోయింది.

నీళ్ళు తీశాక నేనూ నాన్నా వెళ్ళి పనిముట్ల పెట్టెను చెరో పక్కా పట్టుకుని మోసుకొచ్చాం. పెరటి వరండాలో దించి మూత తీస్తే లోపల ఒక్క పనిముట్టు కూడా పనిముట్టులా లేదు. ఎర్రటి బురదలో ఎర్రటి ఆకారాలు, అంతే. నాన్న ఒక ఉలి పైకి తీసి గోటితో గీరాడు. తుప్పు పెచ్చుగా ఊడి వచ్చింది. ఉలిని మళ్ళీ బురదలోనే పడేసి చెయ్యి తుడుచుకున్నాడు.

"పాత ఇనుమువాణ్ణి రమ్మని కబురు పెట్టమ్మా," అన్నాడు.

నాన్నకి అరవై ఆరేళ్ళు. ఇరవయ్యో ఏట పట్టిన ఉలి వరద వచ్చే ముందు రోజు దాకా దించలేదు. అలాంటి మనిషి ఆ మాట అని లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఇంక లేస్తే ఒట్టు. పొద్దున కూర్చున్న కుర్చీలోనే సాయంత్రం దీపం పెట్టే వేళకి కూడా కనపడేవాడు. అమ్మ అడిగితే, "ఇన్నాళ్ళు నిలబడ్డాను కదా, ఇప్పుడు కూర్చోనీ," అనేవాడు. నేను బస్సు టికెట్ల కౌంటర్లో మధ్యాహ్నం డ్యూటీ చేస్తాను కాబట్టి పొద్దుటి పూటంతా ఆయన్ని అలా చూడ్డం నా వంతయింది.

బురద కడగడానికి సాయం చేస్తానని మా పిన్ని వచ్చింది. రెండు రోజులుండి పోతానంది, రెండు చీరలే తెచ్చుకుంది. పిన్ని అమ్మకి చెల్లెలు, అమ్మ కన్నా ఏడేళ్ళు చిన్న. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ గది పక్కన పనిముట్లు శుభ్రం చేసే గది ఒకటుంటుంది. అందులో ముప్పై ఒక్కేళ్ళు పని చేసి రిటైరయింది. కత్తెరలు, పట్టకార్లు, రంపాలు విప్పి, కడిగి, ఆరబెట్టి, నూనె వేసి, పొట్లం కట్టి ఆవిరిలో పెట్టడం ఆవిడ పని. ఆవిడ సంతకం లేని పొట్లాన్ని ఏ డాక్టరూ విప్పేవాడు కాదట. ఈ సంగతి మాకు తెలియని రోజు లేదు, పిన్ని మర్చిపోనిచ్చేది కాదు. నాన్న ఆవిడని "డాక్టరమ్మా" అని పిలిచేవాడు, ఏడిపించడానికి. ఆవిడ ఏడిచేది కాదు, పలికేది.

పాత ఇనుమువాడు మర్నాడే తక్కెడ పట్టుకుని వచ్చాడు. పిన్ని వరండా మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఎవరు పిలిచారు నిన్ను?" అంది.

"సారే పిలిచారమ్మా."

"సారుకి ఒంట్లో బాగాలేదు. బాగయ్యాక కబురు చేస్తాం, వెళ్ళిరా."

అతను వెళ్ళిపోయాడు. నాన్న లోపల్నుంచి అంతా విన్నాడు. "నా ఒంటికేమైంది?" అన్నాడు.

"ఏమీ కాకపోతే లేచి వచ్చి మాట్లాడు బావా."

నాన్న లేచి రాలేదు. పిన్నే కుర్చీ దగ్గరికి వెళ్ళింది. "ఇవి పోయాయని ఎవరు చెప్పారు నీకు?"

"చూస్తే తెలీదా?"

"చూస్తే తెలిసేది తుప్పు. కింద ఏముందో గీకితే గానీ తెలీదు. నాకు మూడు వారాలు టైమివ్వు. నువ్వు ఉంచుకున్నదాని కన్నా బాగా చేసి ఇస్తాను."

"ఆసుపత్రి చిమటాలూ వడ్రంగి సామాన్లూ ఒకటేనా డాక్టరమ్మా?"

"ఇనుము ఇనుమే కదా బావా," అంది పిన్ని. ఆ ధీమా చూస్తే నాకు ముచ్చటేసింది గానీ, అందులో కొంచెం పొరపాటుందని తర్వాత తేలింది.

ఆ రోజే పని మొదలైంది. పిన్ని ముందుగా ఒక నోటుపుస్తకం, అట్ట ముక్కలు, దారం అడిగింది. పెట్టెలోంచి ఒక్కొక్క వస్తువూ తీసి, బురద కడిగి, అట్ట మీద నంబరు రాసి కట్టింది. నలభై మూడు లెక్క తేలాయి. ఉలులు పదకొండు, రంపాలు నాలుగు, ఆకురాళ్ళు, సుత్తులు, చేతి బర్మా, మూలమట్టాలు, చిత్రికలు. వరండా పొడుగునా పాత దుప్పటి పరిచి వరసగా పడుకోబెట్టింది. చూడ్డానికి వార్డులాగే ఉంది. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకొచ్చి, "ఇందులో ఎవరికి సీరియస్సే?" అని అడిగింది.

"పన్నెండో నంబరుకి," అంది పిన్ని, నవ్వకుండా. పన్నెండంటే చెక్కకి బెజ్జాలు వేసే చేతి బర్మా. దాని పళ్ళచక్రం కదలడం లేదు.

ఎలా చేసిందో చెప్తాను, ఎందుకంటే మొదట్లో నాకూ నమ్మకం లేదు. ముందు చెక్క పిడులు ఊడే వాటికి ఊడదీసింది. ఇనప భాగాలకి ఇత్తడి బ్రష్షు పెట్టి పై పెచ్చులు రాల్చింది. తర్వాత ప్లాస్టిక్ తొట్టెలో వెనిగర్ పోసి వాటిని నానబెట్టింది. కొన్ని గంటలకి తీసి ఇనప పీచుతో రుద్దితే నల్లటి బురద జారిపోయి, కింద బూడిదరంగు లోహం కనపడేది. వెంటనే వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచేది, పులుపు విరగడానికి. ఆ వెంటనే గుడ్డతో తుడిచి, ఎండలో వేడెక్కిన రేకు మీద ఆరబెట్టి, ఇంకా వెచ్చగా ఉండగానే నూనె పట్టించేది. "ఆరబెట్టడంలో ఆలస్యం చేశామా, కళ్ళ ముందే మళ్ళీ ఎర్రబడుతుంది," అనేది. నిజమే. ఒక సుత్తిని నేను ఫోను వచ్చిందని పది నిమిషాలు తడిగా వదిలేస్తే నారింజరంగు తిరిగింది. పిన్ని నన్నేమీ అనలేదు. సుత్తిని మళ్ళీ తొట్టెలో వేసి, నోటుపుస్తకంలో ఆ నంబరు పక్కన నా పేరు రాసింది. అది తిట్టిన దాని కన్నా ఎక్కువ పని చేసింది.

నాలుగు రోజులకి అయిదు ఉలులు మెరుస్తున్నాయి. నాన్న కుర్చీ గది లోపల్నుంచి గుమ్మం దాకా జరిగింది. చేతిలో పేపరు, కళ్ళు మాత్రం వరండాలో. అమ్మ నా చెవిలో, "మీ నాన్న పొద్దుట్నుంచీ రెండో పేజీలోనే ఉన్నారు," అంది.

ఇంతలో ఆ పొరపాటు జరిగింది. పని తొందరగా తెమలాలని పిన్ని ఒక తొట్టెలో వెనిగర్‌కి తోడు గుప్పెడు ఉప్పు కలిపి, అందులో రెండు మూలమట్టాలు వేసింది. మర్నాడు బర్మా మీద పడి వాటి మాటే మర్చిపోయింది. మూడో రోజు తీసి రుద్దితే ఒకటి బాగానే ఉంది. రెండో దాని ఇనప పట్టీ నల్లగా, గుంటలు గుంటలుగా తేలింది. పట్టీ మీద చెక్కి ఉండే అంగుళాల గీతలు ఒక్కటీ లేవు, నున్నగా తినేసింది.

పిన్ని దాన్ని పట్టుకుని చాలాసేపు తిప్పి చూసింది. తర్వాత నేరుగా నాన్న దగ్గరికి వెళ్ళి చేతిలో పెట్టింది.

"దీన్ని నేను పాడు చేశాను బావా. ఆసుపత్రిలోది తుప్పు పట్టని స్టీలు, ఎంత నానినా ఓర్చుకునేది. అదే లెక్కన వెళ్ళాను. నాదే తప్పు."

నాన్న కోప్పడతాడనుకున్నాను. ఆయన మూలమట్టాన్ని కంటి దగ్గర పెట్టుకుని అంచు వెంబడి చూశాడు. "గీతలు పోయాయి గానీ మూల చెడలేదు. మూలకి పనికొస్తుంది," అన్నాడు. ఇంకో క్షణం ఆగి, "రంపాలు గానీ ఆ తొట్టెలో వేస్తావేమో, చంపుతాను," అన్నాడు.

"మరి రంపాలెలా?"

"ఎలాగంటే..." అంటూ లేచాడు. వారం పైనే అయ్యాక నాన్న ఆ కుర్చీలోంచి పని కోసం లేవడం అదే. దుప్పటి మీద కూర్చుని, చెక్కముక్కకి ఉప్పుకాగితం చుట్టి, కిరోసిన్ చుక్కలు వేసి, రంపం పిడి వైపు నుంచి కొస వైపుకి బారుగా రుద్దడం చూపించాడు. "అడ్డదిడ్డంగా రుద్దకు. పొడుగునా ఒకటే దారి. పళ్ళ దగ్గర మాత్రం చెయ్యి తేలిక చెయ్యి." పిన్ని ఒక్కసారి చూసి కాగితం లాక్కుంది. నాన్న తిరిగి లాక్కున్నాడు. ఇద్దరూ రెండు రంపాలు తీసుకుని ఎదురెదురుగా కూర్చున్నారు, పోటీకి కూర్చున్నట్టు.

ఆ పదిరోజులూ మా వరండాలో కబుర్లకి లోటు లేదు. "నూనె అంత పొయ్యకు, అదేమన్నా పిల్ల తలా?" అని నాన్న. "నీ సామాన్లు నీళ్ళలో మునగకముందు కూడా ఎప్పుడూ నూనె చూడలేదని వాటి మొహాలే చెప్తున్నాయి," అని పిన్ని. పిడులకి అవిసె నూనె పూసి ఎండలో నిలబెట్టారు. చేతి బర్మా పళ్ళచక్రం ఒక ఉదయం చిన్న కిర్రుమనే శబ్దంతో తిరిగింది. పిన్ని దాన్ని మా అందరి చేతా ఒకసారి తిప్పించింది. రెండు రోజులకని వచ్చిన మనిషి మూడో చీర, నాలుగో చీర అమ్మవి కట్టుకుంటోంది. మా బాబాయి లారీ తోలతాడు. లోడు ఎత్తుకుని వెళ్తే పదిహేను రోజులకి గానీ రాడు కాబట్టి అటు అడిగేవాళ్ళు లేరు.

చివరికి నలభై మూడో నంబరు ఒక్కటే మిగిలింది. అది నాన్న ఇనప చిత్రిక. మిగతా చిత్రికలు చెక్కవి, ఎవరైనా చేసుకునేవే. ఇది పోత ఇనుముతో చేసినది, పాతది, బరువైనది. దీనితో తోస్తే చెక్క మీంచి ఉల్లిపొర లాంటి చివ్వ లేచేది. నా చిన్నప్పుడు ఆ చివ్వల్ని చుట్టలు చుట్టలుగా చెవులకి తగిలించుకుని తిరిగేదాన్ని. నాన్న ఎవరికీ అరువివ్వని వస్తువు అదొక్కటే.

"దీన్ని పైపైన తుడిచెయ్ చాలు," అన్నాడు నాన్న. "బ్లేడు నేను చూసుకుంటాను."

"లోపలి దిమ్మ విప్పాలి కదా?" అంది పిన్ని. చిత్రికలో బ్లేడు వాలుగా ఆనుకుని ఉండే ఇనప దిమ్మ ఒకటుంటుంది. దాన్ని రెండు స్క్రూలు కింది పలకకి పట్టి ఉంచుతాయి. పదును పెట్టడానికి బ్లేడు రోజూ తీస్తారు గానీ, ఆ దిమ్మని ఎవరూ కదపరు.

"దాన్ని విప్పరు. విప్పితే మళ్ళీ సరిగ్గా కూర్చోదు."

"విప్పేటప్పుడు గుర్తు పెట్టుకుంటే కూర్చుంటుంది. ఎనిమిది రోజులు నీళ్ళలో ఉంది బావా. దాని కింద చెమ్మ అలాగే ఉంటుంది. పైన మెరిపించి లోపల తుప్పు వదిలేస్తే అది నా పని కాదు."

నాన్న బజారులో మేకులు తేవాలని చెప్పి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో మేకులు డబ్బాడు ఉన్నాయి.

పిన్ని స్క్రూల మీద పల్చటి నూనె వేసి ఒక రోజంతా నాననిచ్చింది. మర్నాడు పొద్దున స్క్రూ తలకి అచ్చంగా సరిపోయే స్క్రూడ్రైవరు వెతికి, దాని వెనక సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేసి తిప్పింది. మొదటిది వచ్చింది. రెండోది కాసేపు మొండికేసి వచ్చింది. దిమ్మ పైకి లేచింది. కింద బురద, బురద కింద పాత నల్ల రంగు. పాత టూత్‌బ్రష్షు పెట్టి కడుగుతుంటే ఆ రంగు మధ్యలో ఏదో కనిపించి, పిన్ని గుడ్డతో తుడిచింది. మూడు చుక్కలు. వరసగా, సమానమైన దూరంలో, మేకు మొనతో కొట్టినట్టు. వాటి కింద ఒక అడ్డగీత.

"బావా, ఈ మూడు చుక్కలూ నీ గుర్తా?" అని కేకేసింది.

నాన్న గుమ్మంలోకి వచ్చాడు. దగ్గరికి రాలేదు. అక్కణ్ణుంచే చూసి, గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, చిత్రిక వంక చూసి, నాన్న వంక చూసి, "ఉందన్నమాట," అంది.

పిన్నికి ఆ కథ తెలీదు. నాకు తెలుసు, అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నాన్నకి ఒక జతగాడుండేవాడు. అందరూ ఆయన్ని కొలత అనేవారు. ఏ చెక్కనైనా మూడుసార్లు కొలిచి గానీ కొయ్యడని ఆ పేరు. నాకు కొలత మావయ్య. పధ్నాలుగేళ్ళు ఇద్దరూ కలిసి పని చేశారు. ఒక పాత వడ్రంగి పని మానేస్తుంటే ఆయన దగ్గర ఒకే కంపెనీవి, ఒకేలాంటివి రెండు ఇనప చిత్రికలుంటే ఇద్దరూ చెరొకటి తీసుకున్నారు. ఒక రోజు కోత మిల్లులో మెట్లదారి పని చేస్తుండగా పలక మీంచి ఒక చిత్రిక కింద పడి అడుగున బీట వారింది. ఎవరిది పడిందన్నది గొడవ. పగలని దాన్ని నాన్న చేతిలో పట్టుకుని ఉన్నాడు. అది నాది అన్నాడు కొలత మావయ్య. నాదే అన్నాడు నాన్న. "దిమ్మ విప్పు, కింద నా గుర్తుంది," అన్నాడు ఆయన. మిల్లు మేస్త్రీ ఉన్నాడు, కూలీలున్నారు, అందరూ చూస్తున్నారు. "నా మాట మీద నమ్మకం లేక నా సామాను విప్పి చూపించమంటావా, నేనేమన్నా దొంగనా?" అని నాన్న విప్పనివ్వలేదు. "విప్పకపోతే అదే జవాబు," అని కొలత మావయ్య బీటలు వారినదాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళయింది. వంతెన అవతలి పేటలోనే ఉంటాడు. ఇద్దరూ ఎదురుపడితే ఒకరు రోడ్డు దాటేవారు.

అమ్మ ఇదంతా నాలుగు మాటల్లో చెప్పింది. పిన్ని విని, చిత్రికని గుడ్డ మీద పెట్టి, నాన్న ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇరవై రెండేళ్ళు నీ చేతిలోనే ఉంది. ఒక్కసారి విప్పి చూడాలనిపించలేదా?"

"అనిపించింది."

"మరి?"

"ఉంటుందేమోనని," అన్నాడు నాన్న.

పిన్ని, "సరే, తిరిగిచ్చేద్దాం," అంది, పక్కింటి గిన్నె తిరిగిచ్చేద్దాం అన్నంత తేలిగ్గా.

"ఇన్నేళ్ళ తర్వాత ఏం మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళు. వేరేది ఎవరిస్తారు?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. పిన్ని, "ముందు దీన్ని పూర్తి చేస్తాను. ఒకళ్ళ వస్తువు మురికిగా తిరిగివ్వకూడదు," అని పనిలో పడింది. రెండు రోజులు పట్టింది. అడుగు పలకని దళసరి గాజుపలక మీద ఉప్పుకాగితం అంటించి, దాని మీద ముందుకీ వెనక్కీ రుద్ది చదును చేసింది. పెన్సిలుతో గీతలు గీసి, ఆ గీతలన్నీ ఒకేసారి చెరిగిపోయేదాకా రుద్దింది. బ్లేడుని పైకీ కిందికీ జరిపే ఇత్తడి మరని చింతపండు పెట్టి తోమింది. మూడు చుక్కల దగ్గర మాత్రం రంగు గీకలేదు, ఉన్నదున్నట్టు ఉంచింది.

మూడో రోజు పొద్దున నేను లేచేసరికి నాన్న వరండాలో ఉన్నాడు. నూనెరాయి మీద ఆ చిత్రిక బ్లేడు పెట్టి పదును పెడుతున్నాడు. ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి చూసుకుని, బ్లేడు బిగించి, నన్ను చూసి, "ఇస్త్రీ చొక్కా ఒకటి తీసిపెట్టు," అన్నాడు.

ముగ్గురం బస్సెక్కాం. చిత్రిక తువ్వాలులో చుట్టి ఉంది. నాన్న దాన్ని పిన్నికి ఇవ్వబోతే ఆవిడ చేతులు కట్టుకుంది. "నా చేతిలో ఉంటే నేను చెప్పాల్సి వస్తుంది. నువ్వే పట్టుకో." నాన్న దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కొలత మావయ్య ఇంటి పక్క రేకుల షెడ్డులో కిటికీ ఫ్రేములు చేస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. చెవి వెనక పెన్సిలు అలాగే ఉంది. మమ్మల్ని చూసి పని ఆపాడు. నాతోనూ పిన్నితోనూ, "ఆ ఫ్రేము పక్కకి జరిపి కూర్చోండమ్మా," అన్నాడు. నాన్నతో ఏమీ అనలేదు.

నాన్న బల్ల మీద తువ్వాలు విప్పాడు. "నీదే," అన్నాడు. "మొన్న దిమ్మ విప్పాం. మూడు చుక్కలున్నాయి."

కొలత మావయ్య కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. స్క్రూడ్రైవరు తీసుకుని బ్లేడు తీశాడు, స్క్రూలు తిప్పాడు, దిమ్మ ఎత్తి చూశాడు. అంత సేపూ నాన్న నిలబడే ఉన్నాడు. ఆయన మళ్ళీ అన్నీ వరసగా బిగించి, "ఎవరు బాగు చేశారు?" అని అడిగాడు.

"మా మరదలు."

"స్క్రూ తల ఒక్కటి కూడా చెదరలేదు," అన్నాడు ఆయన పిన్ని వైపు తిరిగి.

"ఒక రోజంతా నూనెలో నాననిచ్చానన్నయ్యగారూ."

"ఊఁ." మళ్ళీ నాన్న వైపు చూశాడు. "ఒకటడుగుతాను. నీకు మొన్నే తెలిసిందా, అప్పుడే తెలుసా?"

మొన్నే అంటే సరిపోయేది. అబద్ధమని పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. నాన్న బల్ల మీదున్న చిత్రిక మీద చెయ్యి పెట్టాడు.

"ఆ రోజు నాదే అనుకున్నాను, నిజం. మూడో రోజు పని చేస్తుంటే చేతికి కొత్తగా అనిపించింది. పిడి పట్టు వేరు. అనుమానం వచ్చింది. విప్పలేదు. తర్వాత ఎప్పుడూ విప్పలేదు."

కొలత మావయ్య ఒక చెక్కముక్క బల్లకి బిగించి, చిత్రిక పెట్టి తోశాడు. ఒకే తోపులో ఈ చివర నుంచి ఆ చివర దాకా చివ్వ లేచింది. దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. నా వైపు ఇచ్చాడు. నా చిన్నప్పటి సంగతి ఆయనకి గుర్తుందో, ఊరికే ఇచ్చాడో తెలీదు.

"నాతో చెప్పావు, బాగుంది," అన్నాడు. "కానీ అప్పుడు నాదే అని నువ్వు అరిచింది నా ఒక్కడి ముందే కాదు. మిల్లులో అందరి ముందూ అన్నావు. తర్వాత ఏడాది పాటు నాకు ఆ మిల్లులో తలెత్తుకోడానికి లేకపోయింది. జతగాడి సామాను కాజేయబోయాడన్నారు నన్ను."

నాన్న చొక్కా చేతులు పైకి మడిచాడు. "మేస్త్రీ ఇంకా ఉన్నాడా?"

"ఉన్నాడు. రోజూ వచ్చి గేటు దగ్గర కూర్చుంటాడు."

"అయితే పద."

మిల్లు నాలుగు వీధుల అవతల ఉంది. ఇద్దరూ ముందు నడిచారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత దూరం వదిలి. వెనక నేనూ పిన్నీ. మేస్త్రీకి ఎనభై దాటాయి. గేటు పక్క స్టూలు మీద కూర్చుని వచ్చే దుంగల్ని చూస్తున్నాడు. లోపల రంపపు మర గోల పెడుతోంది.

"మేస్త్రీగారూ, ఆ రోజు చిత్రిక గొడవ జరిగింది కదా. చిత్రిక వీడిదే. తప్పు నాది," అన్నాడు నాన్న.

"ఏంటీ?" అన్నాడు మేస్త్రీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

నాన్న గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు.

"ఏ చిత్రిక?" అన్నాడు మేస్త్రీ.

నాన్న మొహంలో రంగు మారింది. ఎవరి ముందు పరువు పోతుందని ఇన్నేళ్ళు దాచిపెట్టుకున్నాడో ఆ మనిషికి అసలు గొడవే గుర్తులేదు. వదిలేసి వచ్చేయొచ్చు. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాన్న వంగి, మేస్త్రీ చెవి దగ్గర మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. రెండు చిత్రికలు, మెట్లదారి, పలక మీంచి పడడం, విప్పమంటే విప్పకపోవడం, అన్నీ. సగంలో ఉండగా లోపల ఎవరో మర ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో నాన్న గొంతు మిల్లంతా వినపడింది. నలుగురైదుగురు పనివాళ్ళు పొట్టు దులుపుకుంటూ గేటు దాకా వచ్చారు. నాన్న వాళ్ళని చూసి కూడా ఆపలేదు.

"నాది కాని దాన్ని నాది అన్నాను. వీడు అడిగింది న్యాయం. నేనే విప్పలేదు," అని ముగించాడు.

మేస్త్రీ తల ఊపి, "ఇంకొకసారి చెప్పు," అన్నాడు.

నాన్న మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు. కొలత మావయ్య ముందుకొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"చాల్లే," అన్నాడు. "నాకు వినపడింది."

తిరిగి షెడ్డుకి వచ్చాక ఆయన అరలోంచి ఇంకో చిత్రిక తీసి నాన్న ముందు పెట్టాడు. అదే కంపెనీది. అడుగున బీట పొడుగునా ఇత్తడి పోసి అతికించిన గీత, బంగారు దారంలా. "ఇది నీది. ఇన్నేళ్ళు దీంతోనే పని చేశాను. కొంచెం ఎడమకి లాగుతుంది, చూసుకో." పిన్ని దాన్ని చేతిలోకి తీసుకుని, తలకిందులు చేసి, బ్లేడు తీసి, కంటి దగ్గర పెట్టుకుని వెతికింది. ఎక్కడా తుప్పు మరక కూడా దొరకలేదు. "దీనికి నేను చెయ్యాల్సిందేమీ లేదన్నయ్యగారూ," అంది. ఆవిడ నోట అంత మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

వాళ్ళిద్దరూ మర్నాటి నుంచి మళ్ళీ జతగాళ్ళయిపోయారని చెప్పను, కాలేదు. కొలత మావయ్య రెండు వారాలకోసారి వస్తాడు. వరండాలో కూర్చుంటాడు. కొన్నిసార్లు ఇద్దరూ మాట్లాడుకుంటారు, కొన్నిసార్లు మాటలు ఆగిపోయి కాఫీ తాగి వెళ్ళిపోతాడు. నాన్న మాత్రం షెడ్డు కడిగించి, పనిముట్ల అరని ఈసారి తల కన్నా ఎత్తున గోడకి కొట్టుకున్నాడు. వరదకి ఉబ్బిపోయి మూసుకోని తలుపులు మా వీధిలో ఇంటికి రెండు ఉన్నాయి. ఆ బీట చిత్రిక ఎడమకి లాగుతుందని రోజూ సణుగుతూనే వాటన్నిటినీ సరిచేస్తున్నాడు.

ఈ కబురు వీధిలో పాకింది. ముందు పక్కింటి కుళాయి మరమ్మతు ఆయన నీళ్ళలో మునిగిన పానాల సంచీ తెచ్చాడు. తర్వాత చెప్పులు కుట్టే ఆయన ఆరెలూ కత్తులూ తెచ్చాడు. నాన్న షెడ్డులో ఒక మూల బల్ల వేసి, "అది డాక్టరమ్మ వార్డు, ఎవరూ ముట్టుకోకండి," అన్నాడు. ఈసారి ఏడిపించడానికి అన్నట్టు లేదు. పిన్ని లారీ మీదున్న బాబాయికి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు తన చీరలన్నీ పట్టుకురమ్మంది. ఇంకో ఇత్తడి బ్రష్షు కూడా దారిలో కొనమంది.

నిన్న కింది వీధి దర్జీ ఆవిడ వచ్చింది. పెద్ద గుడ్డ కత్తెర, రెండు రెక్కలూ తుప్పుకి అతుక్కుపోయి ఒక్కటే ముక్కయింది.

"ఇది తెరుచుకుంటుందంటారా?" అని బెరుగ్గా అడిగింది.

పిన్ని ఆ కత్తెర అందుకుని మధ్య స్క్రూ మీద బొటనవేలు పెట్టింది. "కత్తెర్లా?" అంది. "కూర్చోమ్మా. ముప్పై ఒక్కేళ్ళు నేను చేసింది అదే."